ఆపరేటరమ్మ గీసిన తీగల పటం

మా ఆసుపత్రిలో ఆమె మొహం ఎరగనివాళ్లు చాలామంది ఉండేవారు గానీ, గొంతు ఎరగనివాళ్లు ఒక్కరూ లేరు. ఏ వార్డులోనైనా ఫోన్ ఎత్తితే చాలు, "చెప్పండి, ఎవరు కావాలి?" అని వినిపించేది. ఇరవై రెండేళ్ల పాటు అదే గొంతు. మెట్ల కింద సన్నటి గది, అందులో ఒక ఎత్తు కుర్చీ, ఎదురుగా వరసలు వరసలుగా చిల్లులున్న పలక. ఎవరైనా ఫోన్ ఎత్తగానే పలక మీద చిన్న దీపం వెలిగేది. ఆమె తీగ కొస ఒకటి ఈ చిల్లులో, ఇంకొకటి ఆ చిల్లులో గుచ్చి ఇద్దరినీ కలిపేది. పెద్ద డాక్టర్ల నుంచి ఊడ్చేవాళ్ల దాకా అందరికీ ఆమె ఆపరేటరమ్మ. నాలాంటి చిన్నవాళ్లకు అక్క.

నేను రెండో అంతస్తు ల్యాబులో రక్తపరీక్షలు చేసేవాణ్ణి. ఆమె కథలో నాకూ ఒక చిన్న వేషం ఉంది. గొప్పగా చెప్పుకునే వేషం కాదు. అయినా దాన్ని దాటేసి మిగతాది చెబితే అబద్ధం చెప్పినట్టే, కాబట్టి చోటు వచ్చినప్పుడు చెబుతాను.

ఆమెకు నలభై మూడేళ్లు వచ్చిన ఏడాది ఆ పలకను పీకేశారు. కొత్త ఫోన్లు వచ్చాయి. వాటికి వేరే తీగలు అక్కర్లేదు, కంప్యూటర్ల తీగల్లోంచే మాట కూడా పోతుంది. నంబరు నొక్కితే ఎవరి ఫోన్ వాళ్లకే మోగుతుంది. మధ్యలో కలిపే మనిషితో పనిలేదు. సూపరింటెండెంటు మేడం ఆమెను పిలిపించి, కూర్చోబెట్టి, మర్యాదగానే రెండు దారులు చూపించారు. పాత రికార్డుల గదిలో ఫైళ్లు సర్దే పని, లేదా ముందుగానే పదవీ విరమణ. ఆపరేటరమ్మ ఒక్క ప్రశ్న అడిగిందట.

"నా తీగలన్నీ ఇప్పుడు ఎక్కడికి పోతున్నాయి మేడం?"

"కంప్యూటర్ గదికి."

"అయితే నన్నూ అక్కడికే పంపండి."

మేడం నవ్వలేదు. ఆరు నెలలు చూద్దాం అన్నారు.

ఆపరేటరమ్మ ఇంట్లో ముగ్గురే మనుషులు. ఆమె, సిటీ బస్సు నడిపే భర్త, ఒకప్పుడు వీధి మొత్తానికీ బట్టలు కుట్టిపెట్టిన అత్తగారు. భర్త మితభాషి. రోజంతా హారన్లు విని వచ్చేవాడు, ఇంటికొచ్చాక నోరు విప్పేవాడు కాదు. ఆయన మాట్లాడని మాటలన్నీ అత్తగారే మాట్లాడేసేది. కోడలి కొత్త ఉద్యోగం సంగతి మొత్తం విని, "ఇన్నాళ్లూ మనుషుల్ని కలిపావు, ఇక డబ్బాల్ని కలుపుతావన్నమాట. డబ్బాలే నయం, ఎదురు మాట్లాడవు" అందట.

డబ్బాలు కూడా ఎదురు మాట్లాడతాయని మొదటి వారంలోనే తేలిపోయింది.

ఆసుపత్రి మొత్తానికి నెట్‌వర్క్ చూసుకునే ఇంజనీరు ఒక్కడే. ఆమెకంటే పదేళ్లు చిన్న. చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని ఒక అంతస్తు నుంచి ఇంకో అంతస్తుకు పరుగెత్తడమే ఆయన ఉద్యోగం. చెడ్డవాడు కాదు, తీరిక లేనివాడు. ఆమెతో ఏం చేయించాలో తోచక, బీరువాలోంచి ఇటుకంత పుస్తకం తీసి చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. నాలుగు పేజీలు తిరగేసి రికార్డుల గదికి వెళ్లిపోతుందని అనుకుని ఉంటాడు.

ఆమె వెళ్లలేదు. ఒక్కో పేజీ రెండేసి సార్లు చదివింది. అర్థం కాని పేజీకి మూల మడిచి గుర్తు పెట్టుకుంది. నెల తిరిగేసరికి ఆ పుస్తకంలో మూల మడవని పేజీలే తక్కువట. ఆ మాట ఆమే నవ్వుతూ చెప్పేది. కానీ రెండో నెలలో మడతలు ఒక్కొక్కటే విప్పుకుంటూ వచ్చింది. ప్రతి యంత్రానికీ ఒక చిరునామా ఉంటుంది, అంటే ఎక్స్‌టెన్షన్ నంబరు లాంటిదే. ప్రతి అంతస్తులోనూ స్విచ్ అనే పెట్టె ఉంటుంది, ఆ అంతస్తు గదుల తీగలన్నీ అందులోకి వచ్చి చేరతాయి. ఆ పెట్టెల నుంచి అంతస్తుకొక తీగ చొప్పున కిందికి దిగి, కంప్యూటర్ గదిలోని పెద్ద స్విచ్‌లో కలుస్తుంది. ఎవరు ఎవరితో మాట్లాడాలి, వాళ్ల మధ్య దారి ఉందా, ఆ దారిలో రద్దీ ఎంత. ఇరవై రెండేళ్లుగా తాను చూసుకున్నది ఈ మూడే కదా అని తోచిన రోజున ఆమెకు భయం సగం తగ్గింది.

అప్పుడు ఇంజనీరును పటం ఉందా అని అడిగింది. ఏ గది తీగ ఏ పెట్టెలోకి వస్తోందో చూపించే పటం.

"అదంతా నా బుర్రలో ఉందమ్మా" అన్నాడాయన, నుదుటి మీద వేలితో కొట్టుకుని.

"మీ బుర్ర సాయంత్రం మీతోపాటు ఇంటికి వెళ్లిపోతుంది కదా సార్."

ఆయన నవ్వి ఏదో అనబోయాడు గానీ, ఈలోగా ఫోన్ మోగింది. మళ్లీ పరుగు.

దాంతో పటం తనే గీయడం మొదలుపెట్టింది. దానికి అయిదు నెలలు పట్టింది. చేతిలో రూళ్ల పుస్తకం, టార్చి, ఒక చిన్న పరికరం. ఆ పరికరంలో రెండు ముక్కలుంటాయి. ఒకదాన్ని తీగకు ఈ కొసన తగిలించి, రెండోదాన్ని పట్టుకుని వెతుక్కుంటూ పోతే, అదే తీగ అవతలి కొస దగ్గర కీచుమని కూస్తుంది. గోడలకు చెవి ఆనించి కూత కోసం తిరిగే ఆమెను చూసి వార్డుల్లో అమ్మాయిలు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకునేవారు. మా ల్యాబుకు వచ్చినప్పుడు నేనూ తక్కువ తినలేదు. "అక్కా, గోడకు జ్వరం ఎంతుంది?" అని అడిగాను. "నీ వెటకారం కంటే తక్కువే" అంది, బల్ల కిందినుంచే.

మొత్తం ఆరువందల పన్నెండు తీగలు తేలాయి. అందులో డెబ్బై ఒకటి ఎక్కడికీ పోవడం లేదు. ఒకటి స్నానాలగది గోడలోకి వెళ్లి అక్కడే ఆగిపోయింది. ఒకప్పుడు అది గుమాస్తా గది అట. ఎక్స్‌రే విభాగం సీలింగు పలకలు ఎత్తి చూస్తే, పైన బెత్తెడు దుమ్ములో ఒక చిన్న స్విచ్ పెట్టె బతికి ఉంది. ఎనిమిదేళ్లుగా ఎక్స్‌రే బొమ్మలన్నీ దాని మీదుగానే పోతున్నాయి. అది అక్కడుందని ఇంజనీరుకూ గుర్తులేదు. ఆ రోజు మాత్రం ఆయన నిచ్చెన మీద చాలాసేపు నిలబడి, దిగాక ఆమెకు తన కుర్చీ ఇచ్చి కూర్చోమన్నాడు.

తీగలకు నంబర్లు వేయడం ఇంకో ప్రయాస అయింది. కాగితం చీటీలు అంటిస్తే, స్విచ్‌లు పెట్టిన అలమారాల వేడికి నెల తిరక్కుండా ముడుచుకుని రాలిపోయాయి. ఇంటికెళ్లి ఆ గోడు వెళ్లబోసుకుంటే అత్తగారు ఆశ్చర్యపోయింది. మీ ఆసుపత్రి దుప్పట్ల మీద నంబర్లు ఉండవా, ఎన్నిసార్లు ఉతికినా చెరిగిపోతాయా, ఆ సిరా ఏదో అడిగి పట్టుకురా అంది. లాండ్రీ మేస్త్రి ఒక సీసా సంతోషంగా ఇచ్చాడు. అత్తగారు తెల్లని నూలు పట్టీ వేలెడు వేలెడు ముక్కలుగా కత్తిరించి, అంచులు పీచు లేవకుండా మడిచి కుట్టి, ఒక చివర కట్టుకునే దారం కూడా పెట్టింది. తీగకు రెండు కొసలు కాబట్టి రెండేసి చీటీలు కావాలని కోడలు ఆలస్యంగా చెప్పింది. ఆవిడ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, "ఒక్క కొస ఉన్న తీగలు ఎక్కడా దొరకవా?" అని అడిగిందట. అడుగుతూనే మళ్లీ సూది ఎక్కించుకుంది.

తన వంతు సాయం భర్తా చేశాడు. డిపోలో రద్దయిన బస్సు మార్గాల పెద్ద కాగితాలు చుట్టచుట్టి తెచ్చి ఇచ్చాడు.  వాటి వెనక తెల్లవైపున ఆమె ఆసుపత్రి నాలుగు అంతస్తులూ గీసింది.

పటంతోపాటు ఇంకో అలవాటు చేసుకుంది. ప్రతి గంటకూ, ఏ అంతస్తు తీగలో ఎంత రద్దీ ఉందో తెర మీద చూసి పుస్తకంలో రాసేది. ఏమీ జరగని రోజుల్లో ఇది దేనికని ఇంజనీరు ఆటపట్టించేవాడు. ఏమీ జరగని రోజు ఎలా ఉంటుందో తెలియకపోతే, ఏదో జరిగిన రోజున తేడా ఎలా పసిగడతాం అనేది ఆమె. ఇంకో విషయంలో మేడం దగ్గరికి వెళ్లి మరీ పట్టుబట్టింది. కొత్త ఫోన్లు నెట్‌వర్క్ మీద నడుస్తాయి కాబట్టి నెట్‌వర్క్ పడిపోతే అవీ మూగబోతాయి. అందుకని అత్యవసర విభాగం, ఆపరేషన్ థియేటర్, రక్తనిధి, ల్యాబు, మేడం గది, కంప్యూటర్ గది, ఈ ఆరుచోట్ల నెట్‌వర్క్‌తో పనిలేని, విడి తీగల మీద నడిచే పాత నల్ల ఫోన్లు ఉంచాలంది. మేడం సంతకం పెట్టారు. ఆ నల్ల ఫోన్ మా ల్యాబు కిటికీ దగ్గర దుమ్ము పట్టి కూర్చునేది. మేం దాని మీద కాగితాల కట్టలు పెట్టుకునేవాళ్లం.

ఆరు నెలల గడువు ఎప్పుడు దాటిపోయిందో ఎవరూ పట్టించుకోలేదు.

మరుసటి ఏడాది ఇంజనీరుకు కడుపులో నొప్పి మొదలైంది. పిత్తాశయంలో రాళ్లన్నారు. ఆపరేషన్ మా ఆసుపత్రిలోనే పెట్టుకున్నాడు. దానికి రెండు రోజుల ముందు ఆపరేటరమ్మ ఆయన ఎదుట ఒక ఖాళీ కవరు, తెల్లకాగితం పెట్టింది. స్విచ్‌లన్నిటి పాస్‌వర్డులు అందులో రాసి సీలు వేస్తే, మేడం బీరువాలో భద్రపరుస్తామంది. ఆయన మొహం మాడ్చుకున్నాడు.

"నేను చచ్చిపోతాననా మీ ఉద్దేశం?"

"మీరు నూరేళ్లు చల్లగా ఉండాలి సార్. కానీ మత్తులో ఉన్న మనిషిని లేపి పాస్‌వర్డు ఏమిటని అడగలేను కదా."

ఆయన చివరికి రాశాడు. కవరు అంటించాక దాని మీద అడ్డంగా రెండు సంతకాలు కూడా పెట్టాడు, ఎవరైనా విప్పితే తెలిసిపోయేలా.

ఆపరేషన్ రోజు ఉదయం తొమ్మిదిన్నరకు ఆయన్ను థియేటరులోకి తీసుకెళ్లారు. ఇక నా వేషం సంగతి.

ఆ పూట మా ల్యాబులో ఒక యంత్రాన్ని కిటికీ వైపు బల్ల మీదికి మార్చాను. మార్చాక చూస్తే, పాత బల్ల వెనక ఒక తీగ మిగిలింది. ఒక కొస గోడలో ఉంది, రెండోది నేల మీద పడి ఉంది. తడిగుడ్డతో తుడిచేవాళ్ల కాళ్లకు అడ్డం పడుతుందని, ఆ కొస తీసి గోడకే ఉన్న పక్క రంధ్రంలో పెట్టేశాను. చూడ్డానికి నీటుగా ఉంది. అప్పుడు సమయం పదీ పది.

అయిదు నిమిషాల్లో నా తెర బిగుసుకుపోయింది. నేను పంపిన రిపోర్టు వార్డుకు చేరలేదని నర్సు చెప్పాలనుకుంది గానీ ఆమె ఫోనూ పలకలేదు. వార్డుల నుంచి మనుషులు మెట్ల మీద దిగడం మొదలుపెట్టారు. నాలుగు అంతస్తుల ఆసుపత్రి ఒక్కసారిగా మూగదైపోయింది.

కింద ఆపరేటరమ్మ ఒక్కతే ఉంది. పెద్ద స్విచ్ ముందుకు వెళ్లి నిలబడింది. మామూలుగా దాని పచ్చదీపాలు దేని దారిన అది మిణుకుమంటుంటాయి. ఆ రోజు అన్నీ ఒకే తాళంలో, ఆగకుండా కొట్టుకుంటున్నాయి. తెర మీద రద్దీ అంకె ఆమె పుస్తకంలో ఎన్నడూ రాయనంత పైన ఉంది. ఎవరూ ఏమీ పంపలేకపోతున్నారు, అయినా దారులన్నీ కిక్కిరిసి ఉన్నాయి. అంటే తీగ తెగలేదు, పెట్టె చెడలేదు. ఎక్కడో ఒక చుట్టు పడింది.

ఆ చుట్టు సంగతి ఆమె తర్వాత నాకు ఇలా విడమరిచి చెప్పింది. నెట్‌వర్కులో కొన్ని మాటలు ఒకరి కోసం కాదు, ఫలానా చిరునామా ఎవరిది అంటూ అందరికీ వేసే కేకలు. స్విచ్ ఆ కేకను తన తలుపులన్నిట్లోంచీ బయటికి పంపుతుంది. ఒకే తీగ రెండు కొసలూ గోడలోకే పోతే, బయటికి పంపిన కేక తిరిగి లోపలికి వస్తుంది. స్విచ్ దాన్ని కొత్త కేక అనుకుని మళ్లీ అందరికీ పంపుతుంది. క్షణాల్లో కేకలు తప్ప మాటలకు చోటుండదు.

ఆమె మొదట నల్ల ఫోన్ అందుకుంది. థియేటరుకు, అత్యవసర విభాగానికి, రక్తనిధికి చేసి, నెట్‌వర్క్ పడిపోయిందని, ఒక గంట పాటు అంతా కాగితం మీద రాసి మనిషి చేత పంపమని చెప్పింది. తర్వాత మా ల్యాబుకు చేసింది. కాగితాల కట్టల కింద ఆ ఫోన్ మోగుతుంటే నేను వెతుక్కుని ఎత్తాను.

"ఈ పొద్దున మీ దగ్గర కొత్తగా ఏదైనా తగిలించారా? ఏదైనా కదిపారా?"

ఆ ప్రశ్నకు జవాబు నా చేతికి రెండు గజాల దూరంలో గోడకు వేలాడుతోంది. గోడకు తీగ పెట్టడం కూడా కదపడం కిందికి వస్తుందా అని ఒక్క క్షణం అనుకున్నాను. బయట వసారాలో జనం, లోపల మా పెద్ద డాక్టరు అరుపులు. నోటికి తేలికగా వచ్చింది చెప్పేశాను.

"ఏమీ లేదక్కా."

ఆమె నమ్మింది. మమ్మల్ని పక్కనపెట్టి మిగతాచోట్ల వెతికింది. నమ్మకపోయి ఉంటే తిన్నగా మా దగ్గరికే వచ్చేది.

పటం గోడకు వేలాడదీసి, పెద్ద స్విచ్ దగ్గర పని మొదలుపెట్టింది. అంతస్తుకొక తీగ. నాలుగో అంతస్తు తీగ ఊడదీసి, ముప్పై దాకా లెక్కపెట్టి దీపాలు చూసింది. అదే తాళం. తిరిగి పెట్టింది. మూడోది ఊడదీసింది. అదే తాళం. కింది అంతస్తు, అదే తాళం. నేను ఏమీ లేదన్నాను కాబట్టి మా రెండో అంతస్తును చివరికి ఉంచింది. ఈ తడవ తీగ ఊడదీయగానే దీపాలు చల్లబడ్డాయి. మా అంతస్తు తప్ప ఆసుపత్రి అంతా ఒక్క నిమిషంలో ఊపిరి తీసుకుంది.

ఈలోగా అత్యవసర విభాగంలో ఒకావిడకు రక్తం ఎక్కించాల్సి వచ్చింది. ఆమె రక్తం గ్రూపు కాగితం చేత్తో పట్టుకుని రక్తనిధికి నేనే పరుగెత్తాను. లిఫ్టు దగ్గర జనం, మెట్ల మీద జనం. ఆ మెట్లు దిగుతున్నంతసేపూ నా కళ్ల ముందు గోడకున్న ఆ తీగే ఆడింది. కాగితం సమయానికే అందింది, ఆవిడకు ఏమీ కాలేదు. 

తిరిగి పైకి వచ్చేసరికి ఆపరేటరమ్మ మా అంతస్తు అలమారా తెరిచి ముందు నిలబడి ఉంది. తీగలు ఒక్కొక్కటే ఊడదీస్తూ, పెడుతూ పద్నాలుగో దానికి వచ్చింది. దాన్ని లాగగానే అక్కడి దీపాలూ సద్దుమణిగాయి. దాని గుడ్డ చీటీ తిప్పి చదివింది. ల్యాబు, పడమటి గోడ. తిన్నగా లోపలికి వచ్చి, పాత బల్ల వెనక వంగి, ఆ తీగను రెండు కొసలూ లాగి, ఉండగా చుట్టి, సంచిలో వేసుకుంది. నా వైపు చూడలేదు. ఎవరినీ ఒక్క మాట అడగలేదు. గడియారంలో పది యాభై అయిదు.

మధ్యాహ్నం నేను ఆమె గదికి వెళ్లాను. ఆమె చెంబులోంచి నీళ్లు తాగుతోంది. కూర్చోమంది. కూర్చోకుండానే చెప్పేశాను. తీగ పెట్టింది నేనేనని, ఫోన్‌లో తెలిసే అబద్ధమాడానని.

"నువ్వు ఫోన్‌లోనే చెప్పి ఉంటే అరగంట కలిసొచ్చేది" అంది. కోపం లేదు గొంతులో, అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది. "ఎందుకు చెప్పలేదు?"

"భయమేసింది."

"ఎవరంటే?"

ఆలోచిస్తే ఎవరో ఒకరి పేరు చెప్పలేకపోయాను. అందరంటేనూ అన్నాను. ఆమె తలూపి, ముందున్న కాగితం నా వైపు తిప్పింది. మేడానికి ఇవ్వాల్సిన నివేదిక అది. ఏ సమయానికి ఏం జరిగింది, ఏ తీగ, ఏ గోడ, ఎలా దొరికింది, అన్నీ ఉన్నాయి. నా పేరు లేదు.

"ఇందులో మనిషి పేరు రాశాననుకో, ఈసారి ఫోన్ చేసి అడిగితే ఒక్కరూ నిజం చెప్పరు. నేను గోడల్ని నమ్ముకుని తిరగాలి. నీ అంతట నువ్వు చెప్పుకుంటావా, అది నీ ఇష్టం తమ్ముడూ."

మూడో రోజున మేడం అన్ని విభాగాల వాళ్లనూ కూర్చోబెట్టారు. నివేదిక చదివి, ఆ తీగ పెట్టిందెవరని అడిగారు.  నేను లేచి నిలబడ్డాను. మొత్తం చెప్పాను, అబద్ధంతో సహా. మా పెద్ద డాక్టరు పళ్లు కొరుకుతున్నాడు. మేడం ఏదో అనేలోగా వెనకనుంచి ఎక్స్‌రే ఆయన లేచాడు. పోయిన నెల తమ తెర రెండు రోజులు పనిచేయకపోవడానికి కారణం తానేనని, ఫ్యాను పెట్టుకోవడానికి ఒక ప్లగ్గు పీకేశానని చెప్పాడు. తర్వాత క్యాంటీన్ ఆవిడ, టీవీ కోసం ఇంటినుంచి ఒక పెట్టె తెచ్చి గోడకు తగిలించానని ఒప్పుకుంది. ఒకరి వెనక ఒకరు నలుగురు లేచారు. చివరికి మేడానికే నవ్వాగలేదు. ఆపరేటరమ్మ మాత్రం నవ్వకుండా అన్నీ రాసుకుంది, పేర్లు వదిలేసి, గోడల నంబర్లతో.

అంతకుముందే, ఆపరేషన్ అయిన ఇంజనీరు కళ్లు తెరిచాక ఏమేం అడిగాడో గానీ, వార్డుకు చూడ్డానికి వెళ్లిన ఆమెను అడిగింది మాత్రం కవరు విప్పారా అని. అక్కర్లేకపోయింది సార్, చేత్తోనే దొరికింది అంది ఆమె. ఆయన జరిగిందంతా చెప్పించుకుని విన్నాడు. 

"అలాంటి చుట్టు పడితే స్విచ్ దానంతట అదే పసిగట్టి ఆ తలుపు మూసేసే ఏర్పాటు ఒకటుంటుందమ్మా. ఆరేళ్ల కిందట ఏదో పాత యంత్రం త్వరగా నెట్‌వర్క్ అందుకోవడం లేదని నేనే దాన్ని ఆపేశాను. మళ్లీ పెడదామనుకుని మర్చిపోయాను. ఎక్కడా రాయలేదు."

"పుస్తకంలో ఆ పేజీ మూల మడిచి ఉంది సార్" అంది ఆమె. "మీరు లేచాక అడుగుదామనుకున్నాను."

ఆయన మూడు వారాల తర్వాత పనిలోకి వచ్చాడు. మొదటి వారమంతా ఇద్దరూ కలిసి ఒక్కో అంతస్తుకు వెళ్లి, చుట్టును పసిగట్టే ఆ కాపలాను మళ్లీ పెట్టారు. ఒక అంతస్తు పెట్టడం, ఒక రోజంతా చూడడం, బాగుంటే ఇంకో అంతస్తు. ప్రతి స్విచ్‌లోని అమరికలన్నీ వేరేచోట నకలు తీసి ఉంచారు. పెట్టె కాలిపోయినా కొత్త పెట్టెకు పాత బుద్ధులు నేర్పడం పదినిమిషాల పని అయింది. ఆ తర్వాత ఎవరు ఏ తీగ ముట్టుకోవాలన్నా ముందు అరపేజీ కాగితం నింపాలి. ఏం మారుస్తున్నావు, ఎందుకు, తేడా వస్తే వెనక్కి ఎలా తీసుకుంటావు. మొదట్లో అందరూ గొణిగారు. నేను గొణగలేదు.

ఇప్పుడు ఆమె కింద ఇద్దరు పనిచేస్తున్నారు. ఒకామె రికార్డుల గది నుంచి అడిగి మరీ వచ్చింది. రోజుకు మూడు పేజీల చొప్పున ఆ ఇటుక పుస్తకం పైకి చదువుతోంది. ఆపరేటరమ్మ పక్కన కూర్చుని వింటుంది. ఫోన్ పాతది పోయి కొత్తది వచ్చినా పనిచేసే చోటు మారినా ఆపరేటరమ్మ అనే పిలుపు మారలేదు, ఆమె బల్ల మీద పెద్ద అక్షరాలతో వేరే హోదా రాసి ఉన్నా సరే.

ఈ వేసవిలో ఇంజనీరు పది రోజులు సెలవు పెట్టాడు. ఆపరేషన్ సెలవు తప్పిస్తే, ఉద్యోగంలో చేరాక అదే మొదటిసారి అట. పెళ్లాన్నీ కూతుర్నీ తీసుకుని సముద్రం దగ్గరికి వెళ్లాడు. వెళ్లేముందు ఫోన్ ఆపేస్తానని ఇంట్లో మాట ఇచ్చాడట. నాలుగు రోజులు నిలబెట్టుకున్నాడు. అయిదో రోజు నేను ఆమె గదిలోనే ఉన్నాను, కొత్త యంత్రం కోసం అరపేజీ నింపుతున్నాను. ఇంజనీరు ఫోన్ చేశాడు. అంతా బాగుందా, ఎక్కడైనా ఇబ్బందా, తానేమైనా చూడాలా అని వరసగా అడుగుతున్నాడని ఆమె జవాబులను బట్టి తెలుస్తోంది.

"అంతా బాగుంది సార్. అమ్మాయి ఈత నేర్చుకుందా?" అంది.

 అవతల ఆయన మొదలుపెట్టాడు. పాప మొదటి రోజు నీళ్లు చూసి ఏడ్చిందట, రెండో రోజు మోకాళ్ల దాకా దిగిందట, నిన్న చెయ్యి వదిలేసి రెండు బారలు వేసిందట. ఆమె ఊ కొడుతూ, మధ్యలో నవ్వుతూ, తొందరపెట్టకుండా వింటూ కూర్చుంది. ఎదురుగా స్విచ్ దీపాలు దేని దారిన అవి మిణుకుమంటున్నాయి. గంట కొట్టాక ఫోన్ భుజానికి ఆనించుకుని, పుస్తకం దగ్గరికి లాక్కుని, నాలుగు అంతస్తుల అంకెలూ రాసింది.